తడి తల, పొడి దువ్వెన

మా అమ్మది జారుడు జుట్టు. తలంటు పోసుకుని, సాంబ్రాణి పొగ పట్టి, బాగా ఆరాక కొబ్బరినూనె రాసి, నడినెత్తి మీద దువ్వెన ఆనించి లాగితే ఎక్కడా ఆగకుండా నడుము దాకా దిగిపోయేది. ఆ తరవాత మూడు పాయలు, బిగించి ఒక ముడి. మర్నాటి పొద్దు దాకా ఆ జడ చెక్కు చెదిరేది కాదు. అమ్మమ్మకీ, పిన్నులకీ అదే జుట్టు. జుట్టంటే అలాగే ఉంటుందనీ, దానికి చేయవలసింది అంతేననీ అమ్మ అనుకునేది.

నాకు నాన్న జుట్టు వచ్చింది. నాన్నది రింగులు రింగుల జుట్టే గాని, మగవాడు కనక పొట్టిగా కత్తిరించుకునేవాడు, దాని సంగతి ఎవరూ పట్టించుకునేవారు కాదు. నాది పెరిగిన కొద్దీ పైకీ పక్కలకీ పెరిగింది.

అరకు వెళ్లే రైలు దారిలో, టైడా దాటి ఇంకా పైకి ఎక్కాక వచ్చే ఒక చిన్న స్టేషనులో నాన్న పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. లైను వేసి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ఖనిజం గూడ్సులు కొండ దిగుతూనే ఉండేవి, మనుషులెక్కే బండి మాత్రం రోజుకొకటి. స్టేషను వెనక నాలుగైదు క్వార్టర్లు, వాటి వెనక అడవి. అక్కడి మంచు అమ్మ జుట్టునీ నా జుట్టునీ ఒకలా చూసేది కాదు. తెల్లవారి మంచులో నీళ్లకి వెళ్లొస్తే అమ్మ జుట్టు ఇంకా అణిగి నున్నగా మెరిసేది. నాది ఉబ్బి నిలబడేది.

అమ్మ తన పద్ధతే నాకూ వాడింది. పూర్తిగా ఎండిన జుట్టులో, సన్నపళ్ల నల్ల దువ్వెన, నెత్తి మీంచి కిందికి. రింగుల జుట్టుని పొడిగా ఉన్నప్పుడు పైనుంచి దువ్వితే, ఉన్న చిక్కులన్నీ ఒకదాని మీదికి ఒకటి జరిగి చెవి దగ్గర ముద్దగా ఆగిపోతాయి. దువ్వెన అక్కడ ఇరుక్కునేది. అమ్మ రెండో చేత్తో నా తల అదిమిపట్టి లాగేది. నేను స్టేషను దాకా వినపడేలా ఏడ్చేదాన్ని. దువ్వెన పళ్లు విరిగేవి. ఇంతా చేసి వేసిన జడ మధ్యాహ్నానికి చెదిరి మొహమంతా రేగేది. పొద్దున్నే అంత ఏడిపించి పంపినందుకు ఫలితం కూడా లేదని అమ్మ మొహంలో కనిపించేది.

తడిగా ఉన్నప్పుడు దువ్వి చూడమని నాన్న ఒకటి రెండుసార్లు అన్నట్టు గుర్తు. అమ్మ ఒప్పుకునేది కాదు. ఈ చలిలో తడి తలతో కూచోబెడితే పిల్లకి రొమ్ము పట్టేస్తుందని ఆమె భయం. అప్పటికే అమ్మకి దగ్గు ఉండేది. అది కొండ చలికి వచ్చిన దగ్గేనని అందరం అనుకున్నాం.

నేను రెండో తరగతిలో ఉండగా ఆ దగ్గులో నెత్తురు కనిపించింది. నాన్న అమ్మని విశాఖపట్నం తీసుకెళ్లి పెద్దాసుపత్రిలో చేర్పించి ఒక్కడే తిరిగొచ్చాడు. క్షయ అన్నారట. నెలల తరబడి సూదిమందు ఉంటుందనీ, అన్నాళ్లూ అమ్మ అక్కడే ఉండాలనీ చెప్పాడు.

మొదటి వారాలు ఎవరూ నా తల జోలికి రాలేదు. నాన్నకి డ్యూటీ, వంట, నేను. నాకు తల దువ్వించుకోవడం తప్పిందన్న సంతోషం. చివరికి జుట్టంతా వెనక ఒక ఉండలా కట్టేసింది. ఒక ఆదివారం నాన్న నన్ను గుమ్మంలో కూచోబెట్టి ఆ ఉండని వేళ్లతో పట్టుకుని చూశాడు. తన చిన్నప్పుడు వాళ్లమ్మ మా మేనత్త తల ఎలా చూసుకునేదో తలుచుకుంటున్నానని చెప్పాడు. మేనత్తదీ ఇదే జుట్టు.

స్టేషను తోటలో మందార చెట్లుండేవి. నాన్న ఆ ఆకులు కోసుకొచ్చి నీళ్లలో పిసికాడు. జిగురు వచ్చింది. కుంకుడు రసం కొంచెమే పోసి తల రుద్ది, ఆ జిగురూ అన్నం గంజీ కలిపి జుట్టుకంతా పట్టించి కాసేపు వదిలేశాడు. తరవాత తడి జుట్టుని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని కొసల దగ్గర పట్టుకుని, ముందు వేళ్లతో, తరవాత సంతలో కొండవాళ్ల దగ్గర కొన్న వెదురు దువ్వెనతో విప్పాడు. కొసలు విడిపోయాక కొంచెం పైకి, ఇంకొంచెం పైకి, చివర్న నెత్తి దగ్గరికి. పైన పట్టుకుని కింద దువ్వితే మొదలుకి లాగుడు తగలదు. అమ్మ చేసినదానికి అంతా తలకిందులు. తడిగా ఉండగానే ఆముదం రెండు చుక్కలు రాసి వదులుగా జడ వేశాడు. జుట్టు ఆరేదాకా కుంపటి పక్కన కూచోబెట్టాడు. మళ్లీ తలంటు దాకా దువ్వెన ముట్టుకోనివ్వలేదు. రాత్రి పడుకునేటప్పుడు తన పాత మెత్తటి పంచె ముక్క తలకి చుట్టేవాడు.

ఆ పూట నేను ఏడవలేదు. అద్దంలో చూసుకుంటే మొదటిసారి నా రింగులు విడివిడిగా, మెరుస్తూ కనిపించాయి.

ఇది చెప్పడం నాకు ఇప్పటికీ కష్టం. అమ్మ లేని ఆ కాలంలో నేను సంతోషంగా ఉన్నాను. అమ్మ మీద బెంగ లేదని కాదు. కాని వారం వారం ఆ ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని. నాన్న తల దువ్వుతూ గూడ్సు డ్రైవర్ల కబుర్లు చెప్పేవాడు. నేను వింటూ నిద్రపోయేదాన్ని.

మధ్యలో ఒకసారి నాన్న నన్ను విశాఖ తీసుకెళ్లాడు. పిల్లల్ని వార్డులోకి రానివ్వరు. కింద చెట్టు నీడన నిలబడితే అమ్మ మేడ మీద కిటికీ దగ్గరికి వచ్చింది. చాలా చిక్కిపోయింది. మాట వినిపించే దూరం కాదు. అమ్మ తన తల మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూపించింది, నీ జుట్టు సంగతేమిటని. నేను గిరుక్కున వెనక్కి తిరిగి నా జడ చూపించాను. నాన్న వేశాడని వేలితో చూపించాను. తల తిప్పి చూసేసరికి అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉంది. నవ్విందనుకున్నాను. నవ్వే ఉండొచ్చు కూడా.

మరుసటి ఏడు వానలు పడకముందు అమ్మ ఇంటికి వచ్చింది. జబ్బు నయమైందనీ, బిళ్లలు మాత్రం ఇంకా మింగాలనీ, పిల్ల విషయంలో కొన్నాళ్లు జాగ్రత్తగా ఉండమనీ చెప్పి పంపారు. అమ్మ జడ సగమైపోయింది. వస్తూనే తన కంచం, గ్లాసు విడిగా పెట్టుకుంది. పడక వెనక గదిలో వేసుకుంది. నాతో మాట్లాడినప్పుడు మొహం కొంచెం పక్కకి తిప్పి మాట్లాడేది.

వచ్చిన వారంలోనే మాష్టరుగారి భార్య చూడ్డానికి వచ్చింది. పక్క క్వార్టర్లో ఉండే స్టేషను మాష్టరుగారి భార్య ఆవిడ. మంచిదే, అమ్మ లేనప్పుడు నాకు ఎన్నోసార్లు అన్నం పెట్టింది. కాని ఆ రోజు గడప లోపలికి రాలేదు. వరండా చివర పీట వేయించుకుని కూచుంది. నేను బడికి తయారవుతున్నాను. ఇల్లాలు తిరిగొచ్చింది, ఇంక పిల్లని తనే చూసుకుంటుందని ఆవిడకి చూపించాలనుకుందో ఏమో, అమ్మ లోపలికెళ్లి తన నల్ల దువ్వెన తెచ్చింది. నన్ను పిలిచి ముందు కూచోబెట్టుకుంది. జడ విప్పి, ఎండిన జుట్టులో, నడినెత్తి మీద దువ్వెన ఆనించింది.

ఒక్క లాగు. నేను లేచి నిలబడ్డాను. తల రెండు చేతులతో పట్టుకుని వెనక్కి జరిగి, "నువ్వు ముట్టుకోకమ్మా. నాన్నే ఏత్తాడు" అన్నాను.

నా మనసులో ఉన్నది దువ్వెన. ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని ఆ వయసులో తెలీదు. అమ్మ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. మాష్టరుగారి భార్య జాలిగా నిట్టూర్చి, "పోనీలేమ్మా, పసిదానికీ తెలుసు. కొన్నాళ్లు దూరంగా ఉంటే దానికే మంచిది" అంది.

అమ్మ నాన్నని పిలిచింది. నేను పరుగెత్తుకెళ్లి ఆయన ముందు కూచున్నాను. నాన్న నీళ్లు చిలకరించి నా జడ సరిచేస్తుంటే, అమ్మ పెరట్లో వేణ్ణీళ్లు కాచి ఆ దువ్వెన అందులో వేయడం చూశాను. ఎందుకో అడగలేదు. ఆ తరవాత అమ్మ నా తల మీద చెయ్యి వేయలేదు.

ఒకరోజూ రెండురోజులూ కాదు, ఏళ్లు అలా గడిచాయి. అమ్మ బిళ్లలు అయిపోయాయి. ఒళ్లు చేసింది. కంచం మా కంచాల్లో కలిసింది. వండేది, నా బట్టలు కుట్టేది, పరీక్షలప్పుడు పక్కన కూచునేది. తల మాత్రం ముట్టుకునేది కాదు. ఆదివారం నాన్న నన్ను కూచోబెడితే గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతూనో, పప్పు ఏరుతూనో చూస్తూ ఉండేది. తడి తల చూసి భయమేసేదేమో, కుంపట్లో బొగ్గులు మరికొన్ని వేసి నా దగ్గరికి జరిపి వెళ్లిపోయేది. అమ్మకి నా జుట్టంటే విసుగని నేను అనుకున్నాను. ఆ విసుగు నా మీదే కాబోలని ఒక్కోసారి లోపల కోపం కూడా వచ్చేది.

నేను పెద్దమనిషినయ్యాక నాన్న తల దువ్వడం మానేశాడు. ఎవరూ ఏమీ అనకుండానే మానేశాడు. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. నేనే దువ్వుకోవడం మొదలుపెట్టాను. వెనక వైపు అందక సగం సగంగా చేసుకునేదాన్ని.

పదో తరగతి ఏట, వానాకాలంలో నాకు మలేరియా తగిలింది. అదే వారం కొండ విరిగి పట్టాల మీద పడింది. నాన్నని ఆ మట్టి తీయించే పనికి పంపారు. బండ్లు ఆగిపోయాయి, ఆయన అవతలే చిక్కుకున్నాడు. వణుకు, చెమట, మళ్లీ వణుకు. రోజుల తరబడి మంచం మీద తల అటూ ఇటూ పొర్లించి, చెమటకి తడిసి ఆరి, నా జుట్టు వెనక వైపు ఒకే పీచుముద్దలా అయిపోయింది. జ్వరం విడిచిననాడు లేచి కూచుంటే తల వెనక్కి లాగేసింది.

మాష్టరుగారి భార్య వచ్చి చూసి ఇది విప్పే పని కాదంది. కత్తెర పంపిస్తాననీ, మెడ దాకా తీసేస్తే మళ్లీ అదే వస్తుందనీ చెప్పింది.

"వద్దమ్మగారూ. నేను సూసుకుంటాను" అంది అమ్మ.

ఆవిడ వెళ్లాక అమ్మ తలుపు వేసి వచ్చింది. కుంపటి రాజేసింది. వానలో తడుస్తూ వెళ్లి మందారాకు కోసుకొచ్చి పిసికింది. గంజి వడగట్టి తెచ్చింది. జ్వరం పడి లేచిన తల ఒక్కసారి తడపడానికి ఆమెకి ధైర్యం లేదు. అందుకని గుప్పెడు జుట్టు విడదీసి, అంతమట్టుకే తడిపి, కొసల నుంచి వేళ్లతో విప్పి, వెదురు దువ్వెనతో దువ్వి, తువ్వాలుతో ఒత్తి, కుంపటి సెగకి పూర్తిగా ఆరాకే పక్క గుప్పెడు పట్టుకుంది. పైన మొదలు దగ్గర ఎడం చేత్తో బిగించి పట్టుకోవడం కూడా మరిచిపోలేదు. నాన్న చేసే ప్రతి పనీ ఆమెకి వచ్చు. ఆ గుమ్మంలో కూచుని ఇన్నేళ్లు చూసినదంతా ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది.

ప్రతి గుప్పెడుకీ అడిగేది, "నొప్పెడతందా?" అని. లేదనేదాన్ని. మళ్లీ అడిగేది. ఏదో తప్పు చేస్తున్న మనిషి అడిగినట్టు అడిగేది.

చీకటి పడేదాకా చేసినా సగమే అయింది. రెండో రోజు మళ్లీ కూచుంది. ఆ రోజు నేను కొంచెం తేరుకుని ఉన్నాను. మొహం తిప్పి చూస్తే అమ్మ కొంగు నోటికీ ముక్కుకీ చుట్టి వెనక ముడేసుకుని ఉంది. మొదటి రోజూ అలాగే ఉందేమో, నేను చూడలేదు.

"అదేటమ్మా?" అన్నాను.

"ఏటీ లేదు. నువ్వు బయపడకు. సేతులు సబ్బెట్టి కడుక్కునే వచ్చాను. నీకేటీ అంటుకోదు."

"ఏటి అంటుకుంటాది?"

"నా జబ్బు. ఎప్పుడో పోయిందన్నారు డాక్టర్లు. అయినా నీకు బయం కదా. మీ నాన్న ఉంటే నేను ముట్టుకుందును కాను. ఏటి సేత్తాను, ఆయన లేడు."

నాకు వెంటనే తట్టలేదు. ఎప్పుడు భయపడ్డాను, ఏం భయపడ్డాను అని వెతుక్కున్నాను. అప్పుడు వరండా, పీట మీద మాష్టరుగారి భార్య, వేణ్ణీళ్లలో దువ్వెన, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముట్టుకోవద్దని నేను అన్న మాట అమ్మ చెవికి ఎలా వినపడిందో, ఇన్నేళ్లూ ఆ మాట పెట్టుకుని నా చుట్టూ ఎలా మసిలిందో తెలిసొచ్చింది. తడి తల దువ్వితే నాకూ రొమ్ము జబ్బు వస్తుందని భయపడ్డ మనిషి, నాన్న చేతికి నన్ను వదిలి, కుంపటి దగ్గరికి జరిపి వెళ్లిపోయేది ఎందుకో కూడా తెలిసొచ్చింది.

"దువ్వెనంటే బయమమ్మా నాకు. నువ్వంటే కాదు. అప్పుడు నొప్పెట్టి అన్నాను" అన్నాను. ఏడుపు వచ్చి మాట సరిగ్గా రాలేదు.

అమ్మ చేతులు ఆగాయి. తరవాత, "సర్లే గుంటా. జొరం మనిషివి, ఏడవకు" అని మళ్లీ కొసలు అందుకుంది. కొంగు ముడి విప్పలేదు.

దారి తెరిచాక నాన్న వచ్చాడు. అమ్మ నీళ్లకి వెళ్లినప్పుడు ఆయనకి ఇదంతా చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. వరండాలో నేను ఆ మాట అన్న రోజు రాత్రే అమ్మ తనతో, గుంట నన్ను ముట్టుకోవద్దంది, దానికీ తెలిసిపోయిందని చెప్పి ఏడ్చిందట. నాకు దువ్వెన నొప్పని ఆయనకి తెలుసు. కాని పిల్లని కొన్నాళ్లు దూరంగా ఉంచమని ఆసుపత్రిలో చెప్పారు కదా, ఈ రకంగానైనా ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాడట. తరవాత చెబుదామనుకున్నాడు. రోజులు గడిచాక ఎలా మొదలుపెట్టాలో తెలీలేదన్నాడు.

ఆ మాట విని నాకు తేలికవ్వలేదు. నాన్న ఊరుకున్నాడు సరే, అమ్మ ఎందుకు దగ్గరికి రాదని నేను ఒక్కసారైనా అడిగానా? అడగలేదు. అమ్మకి విసుగు అనుకోవడమే నాకు సులువైంది. ఆదివారాలు హాయిగా గడిచిపోతుంటే అడగవలసిన అవసరం కనిపించలేదు.

అప్పటి నుంచి తలంటిన రోజు అమ్మ దగ్గరే కూచునేదాన్ని. నేనే అడిగేదాన్ని, అమ్మ వచ్చేది. వచ్చే ముందు పెరట్లో సబ్బు రుద్ది చేతులు కడుక్కునేది. వద్దంటే నూనె చేతులంటుందని ఏదో చెప్పేది. వెనక గదిలోనే కూచునేవాళ్లం, తలుపు దగ్గరగా వేసి. దువ్వడం అచ్చం నాన్న లాగే, నొప్పి అసలు తెలిసేది కాదు. కాని తన జుట్టు దువ్వుకునేటప్పుడు ఉండే ఆ ధీమా, టక్కున లాగి ముడేసే చురుకుదనం నా జుట్టు దగ్గర ఉండేది కాదు. వేళ్లు భయం భయంగా కదిలేవి. చిన్నప్పుడు నెత్తి అదిమిపట్టి లాగిన చెయ్యే అది. ఆ చెయ్యి మళ్లీ అంత చనువుగా నా తల పట్టుకుంటే బాగుండునని, నొప్పెట్టినా బాగుండునని కోరుకునేదాన్ని.

టీచరు ట్రైనింగులో సీటు వచ్చి నేను విజయనగరం వెళ్లవలసిన ముందురోజు, తలంటుకుని తడి జుట్టుతో ముందు వరండాలోకి వచ్చి మెట్టు మీద కూచున్నాను. అమ్మని అక్కడికే రమ్మన్నాను.

"నోపలికి రా, సలిగాలి" అంది అమ్మ గుమ్మంలోంచి.

"ఎండుంది కదా. ఇక్కడే వెయ్యి."

అమ్మ అటూ ఇటూ చూసింది. మాష్టరుగారి భార్య తన వాకిట్లో వడియాలు పెడుతోంది. సంతకి పోయే కొండ ఆడవాళ్లు కావళ్లూ గంపలూ దించుకుని ప్లాట్‌ఫారం మీద బండి కోసం కూచున్నారు. అందరికీ మా వరండా కనిపిస్తుంది. అమ్మ ఇంకాసేపు నిలబడి, తరవాత వచ్చి నా వెనక పై మెట్టు మీద కూచుంది. నేను వెనక్కి జరిగి ఆమె మోకాళ్లకి వీపు ఆనించాను. మాష్టరుగారి భార్య తలెత్తి చూసి, ఎప్పుడు ప్రయాణమని అడిగింది. రేపే అన్నాను. అమ్మ కూడా, "రేపేనమ్మగారూ, బేగి ఎల్లాల" అంది, నా జుట్టు చేతిలో పట్టుకునే.

నేను అప్పుడు అన్న మాట నిజంగా నొప్పికే అన్నానని అమ్మ నమ్మిందో లేదో నాకు తెలీదు. మళ్లీ ఎత్తితే, పాతవన్నీ ఎందుకులే అనేది. పిల్ల బాధపడుతోందని సరే అన్నదో, మనసులో సరే అనుకుందో ఆమె మొహం చూసి తేల్చుకోలేకపోయాను. ఆ రోజు జడ వేసి, కొసకి రిబ్బను కట్టి, అమ్మ లేవకుండా కాసేపు అలాగే కూచుంది. నేనూ కదల్లేదు. ఈలోగా బండి వచ్చింది. నాన్న పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒకసారి మా వైపు చూశాడు.